ఉగ్రస్తంభం ఒక్క రోజులో ఎక్కి దిగొచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి ఇవి. ఏప్రిల్‌లో డిగ్రీ పరీక్షలు అయిపోగానే ఐదుగురు స్నేహితులు కర్నూలు నుంచి తెల్లవారుజామున బైకుల మీద బయలుదేరి, నల్లమల కొండల్లోని అహోబిలంలో ఉగ్రస్తంభం శిఖరం ఎక్కి, అదే రాత్రికి ఇల్లు చేరాలని మీ ప్లాను. నువ్వు రోజూ జిమ్‌కి వెళ్తావు, 10 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలవు. గైడు అవసరమా, ఎలాంటి బూట్లు వేసుకోవాలి, అమ్మ కూడా వస్తానంటోంది, తీసుకెళ్లొచ్చా అని అడిగావు.

ముందు సూటిగా చెప్తాను. ఒక్క పగట్లో ఎక్కి దిగొచ్చు, చాలామంది ఎక్కి దిగుతున్నారు. కానీ ఏప్రిల్‌లో వద్దు. కర్నూలులో అదే రోజు పొద్దున బయలుదేరి వద్దు. గైడు లేకుండా అసలే వద్దు. అమ్మను తప్పకుండా తీసుకురా, కానీ ఇంకో రోజు; ఆమె ఎక్కడిదాకా రావచ్చో కింద చెప్తాను.

నాది ఆళ్లగడ్డ పక్క పల్లె. ఈ కొండ దారులు చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఊళ్లో వాళ్లను, బంధువులను, వాళ్ల స్నేహితుల పిల్లలను వెంటబెట్టుకొని పైకి తీసుకెళ్లి క్షేమంగా దించడం నాకు చాలా ఇష్టమైన పని. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

మొదట దారి సంగతి. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం వస్తావు. అక్కడి నుంచి ఎగువ అహోబిలం 8 కిలోమీటర్లు, గుడి దాకా రోడ్డుంది. ఆ తర్వాత అంతా నడకే. భవనాశి వాగు పక్కన రాళ్ల మధ్య నడుస్తూ, వరాహ నరసింహస్వామి గుడి దాటి, లోయలోకి పోయేకొద్దీ రెండు పక్కలా కొండ గోడల్లా లేస్తుంది. వంతెనలు, మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్న దారిలో ఎక్కితే జ్వాలా నరసింహస్వామి గుహ వస్తుంది. వానల తర్వాత వెళ్తే ఆ గుహ ముందర పైనుంచి నీళ్లు ధారగా పడుతుంటాయి, వాటిని దాటుకొనే స్వామి దగ్గరికి పోవాలి. ఇక్కడిదాకా ముసలివాళ్లు, పిల్లలు కూడా వస్తారు. నడవలేని వాళ్లను డోలీల్లో మోసుకొస్తారు. మామూలుగా నడిచేవాళ్లకు ఎగువ అహోబిలం నుంచి గంటన్నర, రెండు గంటలు పడుతుంది.

ఉగ్రస్తంభం దాని పైన. మెట్ల దారి వదిలేశాక ఇక కట్టిన దారంటూ ఏమీ ఉండదు. చెట్ల మధ్య నిటారుగా ఎక్కుడు, పెద్ద పెద్ద బండరాళ్లు, కొన్నిచోట్ల వేర్లు పట్టుకొని, చేతులు కూడా ఆనించి ఎక్కాల్సిన తావులు. దూరం చూస్తే ఎక్కువేమీ కాదు. అయినా దానికి మళ్లీ గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. చివర్లో కొండే నిలువునా చీలి స్తంభంలా నిలబడి ఉంటుంది. హిరణ్యకశిపుడి కొలువులో స్వామి చీల్చుకొని వచ్చిన స్తంభం ఇదేనని మన నమ్మకం. పైన స్వామి పాదాలు, జెండా ఉంటాయి. అక్కడ నిలబడితే నల్లమల అంతా కింద వరసలు వరసలుగా కనిపిస్తుంది. ఆ దర్శనం కోసం పడే కష్టం వృథా పోదు, ఆ మాట నేను మనస్ఫూర్తిగా చెప్పగలను.

ఇప్పుడు ఆ నేల గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగే ప్రమాదాలు చాలావరకు నేల వల్లే. నల్లమల కొండలు రెండు రకాల రాళ్ల పొరలు. ఒకటి క్వార్ట్‌జైట్, ఉక్కులాంటి గట్టి రాయి. రెండోది షేల్, పలకలు పలకలుగా విడిపోయే మెత్తటి రాయి. రెండూ వంద కోట్ల ఏళ్లు దాటినవి. గట్టి రాయి నిలువునా పగిలి గోడల్లా నిలుస్తుంది, ఉగ్రస్తంభం ఆకారం కూడా అలా వచ్చిందే. మెత్తటి రాయి మాత్రం చిన్న చిన్న పెంకులై జారి కింద వాలులో పరుచుకుంటుంది. పైన ఎండుటాకులు పడి దాన్ని కప్పేస్తాయి. నువ్వు ఆకుల మీద అడుగేశాననుకుంటావు, నిజానికి కాలు పెట్టింది జారే పెంకుల మీద. తడిసిన క్వార్ట్‌జైట్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, అరికాలికి పట్టు దొరకదు.

బాగా తెలిసిన గైడు వెనక నడిచేటప్పుడు అతని కర్రను గమనించు. ప్రతి రాయినీ తట్టడు. వాలుకు అడ్డంగా ఉన్న రాయి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కర్ర మొన రాయి కింది అంచున ఆనించి ఒకసారి నొక్కుతాడు. రాయి కింద మట్టి కదిలితే పక్కనుంచి పోతాడు, కదలకపోతే దాని మీద కాలు పెడతాడు. పెట్టినా రాయి నడిమధ్యన పెట్టడు, కొండ వైపు అంచున పెడతాడు, అలా పెడితే బరువు కొండలోకి పోతుంది. చేత్తో రాయి పట్టుకోవాల్సి వచ్చినా ఇదే పద్ధతి: ముందు అరచేత్తో నొక్కి చూడు, ఆ తర్వాతే బరువు వెయ్యి, రాయిని నీ వైపుకు ఎప్పుడూ లాగొద్దు. నీ పైన ఎవరైనా ఎక్కుతుంటే వాళ్లకు సరిగ్గా కింద నిలబడొద్దు. రాయి దొర్లితే గట్టిగా "రాయి" అని అరవాలని పొద్దునే ఐదుగురూ అనుకోండి.

నువ్వు 10 కిలోమీటర్లు పరుగెత్తుతావు కదా, ఊపిరికి అది మంచిదే, ఎక్కేటప్పుడు పనికొస్తుంది. కానీ ఈ కొండ కాళ్లను అడిగేది దిగేటప్పుడు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. ఒక్కో అడుగుకూ ఒంటి బరువంతా ఒక మోకాలి మీద వాలుతుంది. చదునైన రోడ్డు మీద పరుగులో ఈ పని అలవాటు కాదు. అందుకే ఎక్కేటప్పుడు అందరికన్నా ముందున్న కుర్రాళ్లు దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతూ మెట్టు మెట్టుకూ ఆగడం చాలాసార్లు చూశాను. పడిపోవడాలు, చీలమండ మెలితిరగడాలు కూడా ఎక్కువగా ఆ సమయంలోనే. శిఖరం చేరేసరికి సగం పనే అయిందని లెక్కపెట్టుకో, ఒంట్లో శక్తి, సీసాలో నీళ్లు, ఆకాశంలో వెలుగు మూడూ సగం పైగా మిగిలి ఉండాలి.

దీనికి కర్నూల్లోనే తయారు కావచ్చు. జగన్నాథగట్టు ఉంది కదా, వారానికి రెండు మూడు సార్లు పోయి, వీపున 4 లీటర్ల నీళ్లు పెట్టుకొని ఎక్కి దిగు. దిగడం మీద ధ్యాస పెట్టు, నెమ్మదిగా, చిన్న చిన్న అడుగులతో. గట్టు దాకా పోవడం కుదరకపోతే ఏదైనా నాలుగంతస్తుల బిల్డింగు మెట్లు చాలు. ఆరు వారాలు అలా చేశాక ఒక ఆదివారం గుత్తి కోట ఎక్కి రండి. అక్కడ మీ ఐదుగురిలో ఎవరు ఎంత వేగంగా నడుస్తారో, ఎవరికి ఎత్తంటే భయమో తెలిసిపోతుంది. ఆ భయం సంగతి ఉగ్రస్తంభం కిందకు పోయాక తెలిస్తే అందరికీ ఇబ్బందే. ఎత్తు భయం ఉండటం తప్పేమీ కాదు, అలాంటి స్నేహితుణ్ణి జ్వాల దాకా తీసుకొచ్చి అక్కడితో చాలనుకోండి, దానికి ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఎగతాళికి జడిసి ఎక్కినవాడే మధ్యలో బిగుసుకుపోతాడు.

ఇక ఏప్రిల్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. కొండ మీద చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఎత్తు పెరిగితే చల్లబడేది నిజమే, వెయ్యి మీటర్లకు దాదాపు 6.5 డిగ్రీలు. కానీ నల్లమలలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలే 900 మీటర్ల పైచిలుకు. కింద 42 డిగ్రీలుంటే పైన నీకు తగ్గేది మూడు నాలుగు డిగ్రీలు, అంతే. అహోబిలం లోయలో రెండు పక్కలా రాతి గోడలు, పొద్దుటెండకు కాగిన రాయి మధ్యాహ్నం నుంచి సెగ కక్కుతూనే ఉంటుంది. గాలాడదు. ఆకులు రాలిపోయి నీడ ఉండదు. వాగు ఎండిపోయి రాళ్లు తేలి ఉంటాయి. పైగా ఎండాకాలంలో ఎండుటాకులకు నిప్పంటుకుంటే అడవి మంటలు చాలా వేగంగా పైకి పాకుతాయి. మంట వాలు పైకి ఇంకా వేగంగా పరుగెడుతుంది, మనిషి దానికన్నా వేగంగా ఎక్కలేడు. ఇంకో విషయం, మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే కాలం. ఎలుగుబంట్లకు ఇప్పపూలంటే ప్రాణం. ఆ రోజుల్లో తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ అడవిలో నడవడం మంచిది కాదు.

ఎండదెబ్బ గురించి ఇంకొంచెం చెప్పనీ. ఒకసారి వేసవి మొదట్లోనే, జ్వాల దాటి పైకి ఎక్కుతుంటే మా గుంపులో ఒక అబ్బాయికి తొడలు పట్టేశాయి. మంచి కండలు తిరిగిన పిల్లవాడు, క్రికెట్ ఆడతాడు. నీళ్లు బాగానే తాగాడు, మూడు లీటర్లు ఖాళీ చేశాడు. తాగింది వట్టి నీళ్లే, పొద్దున ఏమీ తినలేదు. చెమటతో పోయే ఉప్పు తిరిగి రావడం లేదు. కూర్చోబెట్టి కాలు చాపి, బొటనవేలు పట్టుకొని మోకాలి వైపు మెల్లగా వంచుతుంటే తొడ కండరం చర్మం కింద ముడి పడి కదలడం కంటికి కనిపించింది. ఓఆర్‌ఎస్ కలిపి గుక్క గుక్కగా తాగించి, నీడలో ముప్పావు గంట ఉంచి, అక్కడి నుంచే అందరం వెనక్కి వచ్చేశాం. ఆ అబ్బాయి మాటలు స్పష్టంగా ఉన్నాయి, చెమట పడుతోంది కాబట్టి భయపడలేదు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు నీళ్లు తాగించే ప్రయత్నంలో సమయం పోగొట్టకూడదు. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి, తువ్వాలుతో విసురుతూ ముందు ఒంటిని చల్లబరచాలి. ఆ తర్వాతే మోసుకొని దించడం.

ఐదుగురికీ తలా 4 లీటర్ల నీళ్లు తప్పనిసరి, నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా. పొట్లాలు దొరక్కపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడు. కొండ మీద ఊట కనిపించిందని సీసా నింపుకొని పైకి పోయే నమ్మకంతో నీళ్లు తక్కువ తేవద్దు.

వానాకాలం కూడా వద్దు. జూలై నుంచి అక్టోబరు దాకా లోయ చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, ధారలు పడుతుంటాయి, ఆ ఫోటోలు చూసే చాలామందికి రావాలనిపిస్తుంది. కానీ ఈ రాతి కొండలు నీటిని పీల్చుకోవు. పైన ఎక్కడో గంట సేపు గట్టిగా వాన పడితే, నీ నెత్తిన చినుకు లేకపోయినా భవనాశి ఉన్నట్టుండి పెరుగుతుంది. పొద్దున మోకాలి లోతులో దాటిన చోటు మధ్యాహ్నానికి దాటలేవు. నీళ్లు మట్టి రంగుకు మారినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా ఎక్కడున్నవాళ్లు అక్కడే గట్టు మీదికి జరగాలి. దాటే ప్రయత్నం చేయకుండా తగ్గేదాకా కూర్చోవాలి. పైన వాన ఆగితే ఇలాంటి కొండ వాగు మెల్లగా తగ్గుతుంది. నల్లమలలో వానాకాలపు మబ్బు ఎలా ఉంటుందో మన జిల్లావాళ్లెవరూ మరిచిపోలేరు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు ఈ అడవిలోనే కూలింది. ఆచూకీ దొరికింది మరునాడు. ప్రభుత్వ యంత్రాంగం, విమానాలు కలిసి వెతికితేనే అంతసేపు పట్టింది. దారి తప్పిన ఐదుగురు కుర్రాళ్లను వెతకాలంటే ఎంత కష్టమో ఆలోచించు.

కాబట్టి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం దాకా రండి. మీ పరీక్షలకు ముందే, సంక్రాంతి సెలవుల్లో పెట్టుకుంటే సరిపోతుంది. ప్రతి నెలా స్వాతి నక్షత్రం రోజు స్వామికి విశేషం, జనం బాగా ఉంటారు. శని ఆదివారాలు కూడా అంతే. మెట్ల దారిలో రద్దీ ఉంటే గంట అక్కడే పోతుంది, అందుకని వారం మధ్యలో రోజు చూసుకోండి. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు చూడాల్సినవే, కానీ ఆ రోజుల్లో కొండ ఎక్కే ప్లాను పెట్టుకోవద్దు.

చలికాలంలో ఉన్న ఇబ్బంది ఒక్కటే, పగలు చిన్నది. డిసెంబరులో 6:30 దాటాక తెల్లవారుతుంది, సాయంత్రం 5:45 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. లోయలో కొండ అడ్డం వచ్చి ఎండ ఇంకా ముందే పోతుంది, నాలుగున్నరకే చెట్ల కింద మసక. కర్నూలు నుంచి అహోబిలం దాదాపు 140 కిలోమీటర్లు. నువ్వు ఐదింటికి బయలుదేరినా, నంద్యాలలో టీ, ఆళ్లగడ్డలో టిఫిను, దర్శనం అన్నీ కలిపి ఎగువ అహోబిలంలో నడక మొదలుపెట్టేసరికి పది అవుతుంది. అప్పుడు మొదలుపెట్టినవాళ్లు ఉగ్రస్తంభం చేరేది రెండింటికి. చీకట్లో దిగాల్సి వచ్చేది ఇలాంటివాళ్లకే. అందుకే ముందు రోజు సాయంత్రమే దిగువ అహోబిలం వచ్చి పడుకోండి. సత్రాలున్నాయి, టూరిజం వాళ్ల హోటలు ఉంది. ప్రహ్లాదవరదుడి గుడి శిల్పం చూడటానికి ఆ సాయంత్రం సరిపోదు అనిపిస్తుంది, అంత బాగుంటుంది.

పొద్దున వెలుగు రాగానే ఎగువ అహోబిలంలో నడక మొదలుపెట్టండి. 8:30 కల్లా జ్వాల. 10:30, 11 మధ్య ఉగ్రస్తంభం. మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. జెండా కనిపిస్తున్నా, ఇంకో పది నిమిషాలే అని గైడు చెప్పినా తిరగాలి. ఈ గడువు ముందు రోజు రాత్రే ఐదుగురూ కూర్చొని ఒప్పుకోండి, ఎందుకంటే కొండ మీద అలిసిపోయిన బుర్ర "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాటకు లొంగిపోతుంది. 12కి తిరిగితే 2కల్లా జ్వాల, 4కల్లా ఎగువ అహోబిలం. మధ్యలో ఒకరికి కాలు బెణికినా ఇంకో గంటన్నర వెలుగు చేతిలో ఉంటుంది.

అసలు నిర్ణయం తీసుకోవాల్సింది మాత్రం జ్వాల దగ్గర. ఇంట్లో బయలుదేరేటప్పుడు "ఉగ్రస్తంభం పోతున్నాం" అని చెప్పుకోవద్దు, "జ్వాలకు పోతున్నాం, అన్నీ కుదిరితే పైకి" అని చెప్పుకోండి. నేను ఎవరిని తీసుకెళ్లినా ఇదే మాట చెప్తాను. జ్వాల దగ్గర పావుగంట కూర్చోవాలి. ఎవరి సీసా వాళ్లు ఎత్తి చూపించాలి, సగానికి పైగా నీళ్లు లేకపోతే పైకి లేదు. ఎవరి బూటు అడుగు ఊడుతోంది, ఎవరికి మడమ ఒరుసుకుపోయింది అన్నది విప్పి చూడాలి. టైము 9:30 దాటితే పైకి లేదు. రాయి తడిగా ఉంటే, మబ్బు కమ్మితే పైకి లేదు. ఒకరు రాలేమంటే వాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టి మిగతావాళ్లు పోకూడదు, ఇద్దరు ఆగిపోవాలి. అక్కడి నుంచి వెనక్కి వచ్చినా ఆ రోజు వృథా కాదు. జ్వాల నుంచి దిగుతూ మాలోల నరసింహస్వామిని, ఆ పైన ప్రహ్లాదుడి బడిని చూసి రావచ్చు. రోజంతటికీ సరిపడా నడక అది.

గైడు సంగతి. మెట్ల దారికి గైడు లేకపోయినా ఫర్వాలేదు, పైకి మాత్రం తప్పనిసరి. జ్వాల దాటాక పశువుల దారులు, కట్టెల దారులు కలిసిపోయి ఉంటాయి. ఎక్కేటప్పుడు పైకి చూస్తూ పోతే సరిపోతుంది, దిగేటప్పుడు ఒక చీలిక తప్పితే నేరుగా లోయ అంచుకు తీసుకెళ్తుంది. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎగువ అహోబిలంలో స్థానికులు, చెంచులు దారి చూపడానికి వస్తారు. ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకోండి, డబ్బు బేరమాడి తగ్గించొద్దు, అది వాళ్ల బతుకు. వాళ్లకూ తిండి, నీళ్లు మీరే తీసుకెళ్లండి. గైడు ఈ రోజు వద్దంటే ఆ మాటతో వాదించకండి. ఇది పులులున్న అడవి, అటవీ శాఖ అనుమతుల నియమాలు మారుతుంటాయి, కాబట్టి రావడానికి వారం ముందే కనుక్కోండి. రాత్రి పైన పడుకోవడం, నిప్పు రాజేయడం మాత్రం ఎప్పుడూ కుదరదు.

జంతువుల గురించి నీ స్నేహితులు పులి పులి అని భయపడుతున్నట్టున్నారు. పగలు ఆ దారిలో పులి కనిపించడం అరుదు. నేను ఎక్కువ జాగ్రత్తపడేది తేనెటీగల విషయంలో. కొండ చరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పొగ తగిలినా, రాయి తగిలినా గుంపుగా లేస్తాయి. చరియ కింద అగరొత్తులు వెలిగించడం, సిగరెట్, సెంటు, ఈలలు, డ్రోన్ అన్నీ వద్దు. లేస్తే చేతులతో విసరకుండా, తల, ముఖం తువ్వాలుతో కప్పుకొని, పట్టుకు దూరంగా, పడిపోకుండా వీలైనంత వేగంగా నడవాలి. ఎలుగు ఎదురైతే పరుగెత్తొద్దు. అలికిడి లేకుండా పోతే అది ఉలిక్కిపడి మీదికి వస్తుంది, మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే ముందే తప్పుకుంటుంది. పాము కాటేస్తే తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, పీల్చడం చేయొద్దు. కాలు కదలకుండా కర్రతో కలిపి వదులుగా చుట్టి, మోసుకొని దించి, రోడ్డు దగ్గర 108కి చెప్పి ఆళ్లగడ్డ, అవసరమైతే నంద్యాల ఆసుపత్రికి. మందు ఆసుపత్రిలోనే ఉంది. చెయ్యి పెట్టే ప్రతి బండ సందునూ ముందు చూసి పెడితే ఆ అవసరం రాదు. కోతులు మాత్రం ఎగువ అహోబిలం నుంచే వెంటపడతాయి. చేతిలో క్యారీబ్యాగు కనిపించకూడదు, అంతే.

బూట్లకు వేలకు వేలు పోయక్కర్లేదు. అడుగున లోతైన గాడులున్న, కాలికి గట్టిగా పట్టి ఉండే బూట్లు చాలు. జిమ్‌లో వేసుకునే నున్నటి అడుగు బూట్లు పనికిరావు. కొత్తవి కొంటే జగన్నాథగట్టు మీద నెల రోజులు తొడిగాకే ఇక్కడికి వేసుకురా. కాలివేలి గోళ్లు కత్తిరించుకో, లేకపోతే దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకొని గోళ్లు నల్లబడతాయి. మందపాటి కాటన్ సాక్సు తడిస్తే బొబ్బలొస్తాయి, పల్చటి నైలాన్ రకం మేలు, ఇంకో జత సంచిలో ఉండాలి. ఎగువ అహోబిలంలో కర్రలు ఇస్తారు, నీ నడుముకు పైదాకా వచ్చేది ఒకటి తీసుకో. జీన్స్ వద్దు. చిన్న టార్చి ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, ఫోను లైటును లెక్కలోకి తీసుకోవద్దు.

తిండికి మన ఇంటి తిండి చాలు. పొద్దున ఉగ్గాని తిని ఎక్కడం మంచిది, బజ్జీలు మాత్రం దిగాక తినండి. దారిలోకి జొన్నరొట్టె, బుడ్డల పొడి, బెల్లం, అరటిపండ్లు. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకోసారి నాలుగు ముక్కలు నోట్లో వేసుకోవాలి. ఖాళీ సీసాలు, కవర్లు అన్నీ తిరిగి కిందికి తీసుకురావాలి. ఆ లోయలో ప్లాస్టిక్ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, మీ ఐదుగురూ మీవే కాకుండా తలా నాలుగు సీసాలు అదనంగా ఏరుకొస్తే నాకెంతో సంతోషం.

అమ్మ విషయం. మోకాళ్లు బాగుండి రోజూ నడిచే అలవాటు ఉంటే జ్వాల దాకా నెమ్మదిగా రావచ్చు. బీపీ, షుగరు, గుండె జబ్బు ఏదైనా ఉంటే ముందు డాక్టరును అడగాలి, మాత్రలు వేళకు వేసుకోవాలి. లేదంటే డోలీ మాట్లాడుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు, ఎంతోమంది పెద్దవాళ్లు అలాగే దర్శనం చేసుకుంటారు. ఆమెను తీసుకొచ్చే రోజు నువ్వు ఉగ్రస్తంభం ఎక్కే ప్లాను పెట్టుకోవద్దు. పైన నీ ధ్యాస కింద అమ్మ మీద ఉంటుంది, కింద ఆమె ప్రాణం నీ మీద ఉంటుంది, ఇద్దరికీ టెన్షన్. అమ్మతో ఒకసారి విడిగా రా, నవ నరసింహుల్లో దగ్గరగా ఉన్న గుళ్లన్నీ చూపించు. ఛత్రవటం, యోగానంద, కారంజ గుళ్లకు ఎక్కువ నడక లేదు.

తిరుగు ప్రయాణం గురించి నువ్వు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఏడెనిమిది గంటలు కొండ మీద నడిచాక అదే సాయంత్రం బైకు మీద 140 కిలోమీటర్లు, హైవే మీద లారీల మధ్య, అదీ చీకట్లో వద్దు. కాళ్లు బ్రేకు మీద సరిగా పనిచేయవు, కళ్లు వాటంతట అవే మూతపడతాయి. దిగువ అహోబిలంలో రెండో రాత్రి కూడా పడుకొని, తెల్లారాక బయలుదేరండి. అలా కుదరదంటే బైకులు మానేసి ఆళ్లగడ్డ దాకా బస్సులో రండి, అక్కడి నుంచి అహోబిలానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. తేదీ ఖాయం చేసుకున్నాక ఇక్కడే రాయి. ఆ వారం వాగు ఎలా ఉందో, దారి ఎలా ఉందో నేను కనుక్కొని చెప్తాను.